స్ట్రెచర్ ఎక్కిన కెప్టెన్

ఆ రోజుల్లో మాకు లోకాన్ని ఆదుకోవాలన్న తొందర ఉండేది కానీ, లోకానికి మా అవసరం ఉందో లేదో అడిగే ఓపిక ఉండేది కాదు. ఆదోనిలో పత్తి మిల్లు గుమాస్తాగా చేరిన కొత్తలో నేనూ, మరో ఏడుగురు మిత్రులూ కలిసి ప్రథమ చికిత్స దళం ఒకటి పెట్టాం. పత్తి బేళ్లకు చుట్టే గోనెపట్టను రెండు వెదురు బొంగులకు కుట్టి స్ట్రెచర్ చేసుకున్నాం. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డముక్కలు అడిగి తెచ్చి, ఉడికించి, కట్లకు సిద్ధం చేశాం (కొన్నింటికి ఎర్రంచు కూడా ఉండేది). కట్టడం నేర్పింది రిటైరైన కాంపౌండర్ మామ. కెప్టెన్ ఎవరన్న మాట రాగానే నేనే ముందుకొచ్చాను. విజిల్ కెప్టెన్‌కే ఉంటుంది మరి.

"రక్తం సూస్తే నీకేమన్నా అయితాదా అప్పా? ఇప్పుడే సెప్పు, సిగ్గుపడొద్దు," అన్నాడు మామ.

"నాకా మామా? నాకేం కాదు," అన్నాను. ఇంట్లో కోడిని కోస్తుంటే నేను వీధి చివరికి పరుగెత్తే సంగతి ఆయనకు తెలియదు.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు దళం తొలిసారి కదిలింది. మధ్యాహ్నం దాకా ఒక్కరికీ ఏమీ కాలేదు (జనం క్షేమంగా ఉన్నారని దిగులుపడిన పాపం నాది). అప్పుడు ఆస్పరి నుంచి వచ్చిన ఒక కూలామె వట్టికాళ్లతో పగిలిన టెంకాయ చిప్ప తొక్కింది. విజిల్ ఊదుకుంటూ పరుగెత్తాను. ఆమె మడమ పైకెత్తి చూపింది. ఆ తర్వాత నాకు ఆకాశం కనిపించింది.

తెలివి వచ్చేసరికి గోనెపట్ట మీద ఊగుతున్నాను. ఓరకంట చూస్తే, కాలికి చింపిన కొంగు చుట్టుకుని ఆమె పక్కనే కుంటుతూ వస్తోంది. ఊడిపడిన నా చెప్పు ఆమె చేతిలో ఉంది.

"నువ్వు నడుస్తాండావే అక్కా," అన్నాడు మోస్తున్న మిత్రుడొకడు.

"ఉండనీలేప్పా. నాకు కాలే కదా తెగింది. ఈయప్పకు పాణమే పోయినట్టుండాది."

అప్పుడే లేచి ఆమెను ఎక్కించమని చెప్పి ఉండాల్సింది. లేస్తే విజిల్ పోతుంది. కళ్లు మూసుకున్నాను. జాతరంతా దారిచ్చి జాలిగా చూస్తుండగా మామ కూర్చున్న మా డేరా దాకా అలాగే ఊరేగాను.

మామ మొదట ఆమె కాలు కడిగి కట్టు కట్టి, తర్వాత నా వైపు తిరిగాడు. "నీకేమైందిరా?"

"ఎండ దెబ్బ మామా."

ఆయన బయటికి తొంగి చూశాడు. సన్నగా తుంపర పడుతోంది. నా మెడలోని విజిల్ తీసుకుని, చేతిలో రిజిస్టరు పెట్టాడు. "ఈడ కూసోని రాయి." ఆమె మాత్రం, "పొద్దున్నుంచి పస్తున్నట్టుండాడు పాపం," అంటూ తన ప్రసాదంలోని టెంకాయ ముక్క నాకిచ్చింది. నేను తిన్నాను కూడా.

ఇప్పుడు దళం పెద్దదైంది. వ్యవస్థాపకుడినని ఏటా నాకు శాలువా కప్పుతారు. ఈసారి పాత రిజిస్టరు వెతికి తెచ్చి, మొదటి పుట అందరికీ చదివి వినిపించారు. అక్షరాలు నావే. ‘ఆస్పరి ఆమె. మడమ తెగింది. స్ట్రెచర్ మీద తెచ్చాం.’ చప్పట్లు మోగాయి. నేను పెన్ను అడిగి తీసుకుని, చివరి వాక్యం కొట్టేసి, ‘నడిచి వచ్చింది, నా చెప్పు మోసుకుంటూ’ అని రాశాను. ఆమె పేరు కూడా రాద్దామనుకున్నాను. ఆనాడు అడిగితే కదా. విజిల్ కోసం కళ్లు మూసుకున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుని నవ్వుకున్నాను కానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.