జూరాకన్ అక్క నలభై ఐదు నిమిషాలు

నరీన్ కొండల్లో మా హైస్కూలుకు గదులు తక్కువ, పిల్లలు ఎక్కువ. అందుకే బడి రెండు పూటలు నడుస్తుంది. కెమిస్ట్రీ చెప్పే జూరాకన్ అక్కకు మాత్రం ఏ పూటా చాలదు. గంట కొట్టినా ఆపేది కాదు. పొద్దుటి క్లాసుల్లో ఆవిడ తర్వాత లెక్కల పీరియడు నాది. సుద్దముక్క పట్టుకుని వరండాలో చలికి వణుకుతూ నిలబడేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

"నలభై ఐదు నిమిషాలు ఏ మూలకే? నిన్నటిది అడిగేసరికే పావుగంట పోతుంది" అనేది.

"నిన్న సరిగ్గా చెప్పి ఉంటే ఇవాళ అడగక్కర్లేదుగా అక్కా" అనేదాన్ని. మూతి ముడుచుకునేది.

ఆ చలికాలం హెడ్మాస్టరు కెనెష్‌బెక్ మీటింగు పెట్టి, పీరియడు నలభై నిమిషాలకు కుదిద్దామన్నాడు.

జూరాకన్ అక్క టీ గిన్నె కింద పెట్టింది. "సగం ఉడికిన మాంసం వడ్డించడం నా వల్ల కాదు."

"అది కాదక్కా" అన్నాడు కెనెష్‌బెక్. "సాయంత్రం ఆఖరి పీరియడు మీదే. పై ఊరి పిల్ల బురుల్ వ్యాను కోసం రోజూ మధ్యలో లేచి వెళ్ళిపోతోంది. పీరియడు తగ్గిస్తే బడి ముందే వదులుతాం. ఆ పిల్లకి మీ పాఠం మొత్తం అందుతుంది."

"ఉత్త చేతులతో పంపుతున్నానా? గుమ్మం దగ్గర ఆపి, మిగతాది ఒక్క ముక్కలో చెప్పి పంపుతున్నా. ఉండలేని చుట్టానికి గుమ్మంలో రొట్టె తుంచి ఇవ్వమూ?"

అందరూ తలలూపారు. రొట్టె ముట్టకుండా గడప దాటనిచ్చే ఇల్లు మా దగ్గర లేదు. నా నోరే ఊరుకోలేదు.

"రోజూ గుమ్మంలోనే తుంచిపెడితే, ఆ పిల్ల విందుకు కూర్చునేదెప్పుడక్కా?"

జూరాకన్ అక్క గిన్నెలో టీ చల్లారిపోయింది. ఓటుకు చేతులెత్తే వేళకు, నా వైపు చూడకుండా, నలభైకే చెయ్యెత్తింది. బయటికొచ్చాక మాత్రం "నీ నోటికి తాళం వెయ్యాలే" అంది. నాకు ఆవిడ మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

కొత్త పద్ధతి మొదలైన సాయంత్రం, ఈవిడ ఆపుతుందా అని ఆ గది గుమ్మంలో నిలబడ్డాను. గంట మోగింది. అక్క చెప్తున్న వాక్యం మధ్యలోనే ఆపేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టింది. పిల్లలు సంచులు భుజాన వేసుకుని పరుగెత్తారు. బురుల్ ఒక్కతే కలం పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ గదిలో కూర్చుని ఆఖరి గంట వినడం ఆమెకు అదే మొదటిసారి.

"అక్కా, నేనూ వెళ్ళచ్చా?"

"వెళ్ళు తల్లీ" అంది జూరాకన్ అక్క. "అందరితో పాటు వెళ్ళు."