జొన్నబెండు బంతులు

మొన్న మా మునిమనవరాలి పుట్టినరోజుకు ఇంట్లో బెలూన్లు కట్టారు. సాయంత్రానికి ఆ పిల్ల ఒకదాన్ని ఊడబీకి, తలకేసి బరబరా రుద్దుకుని గోడకు అంటించింది. అది జారకుండా అక్కడే నిలిచింది. పిల్ల వెంట్రుకలు కూడా లేచి నిలబడ్డాయి. "అదెట్ల అంటుకునింది, చెప్పు చూద్దాం అవ్వా" అని నన్ను నిలదీసింది. అవ్వకేం తెలుస్తుందిలే అని దాని ధీమా. నేను ఎనిమిదో తరగతి దాటలేదు గాని, సైన్సు మేష్టరు భార్యను. రుద్దితే విద్యుత్ ఆవేశం పుడుతుందనీ, ఒకే జాతి ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయనీ, వేరు జాతివైతే దగ్గరికి లాక్కుంటాయనీ గడగడా చెప్పేసరికి పిల్ల నోరు తెరిచింది. అది ఆటకు పరిగెత్తాక కూడా నేను ఆ గోడ వంకే చూస్తూ కూర్చున్నాను.

నాకు పెళ్ళయిన కొత్తలో, అంటే అరవైల మొదట్లో, మా ఆయన రాయదుర్గం వైపు ఒక పెద్ద పల్లెలో హైస్కూలు మేష్టరు. ఉద్యోగం తాత్కాలికం. బడి ఎదురుగానే మా అద్దె ఇల్లు. మా మామ అక్కడికి ఆరు మైళ్ళ దూరంలో మెట్ట సేద్యం చేసేవారు. వేరుశనగ, జొన్న తప్ప ఇంకేదీ మొలవని ఎర్రనేల అది. ఉన్న ఒక్క కొడుకు అనంతపురంలో డిగ్రీ చదువుకొచ్చి మడక పట్టనన్నారు. "కడ్డీలు రుద్దేదీ ఒక పనేనా" అని తండ్రి అన్నారట. దానికి కొడుకు కూడా ఏదో అన్నారట. ఏమన్నారో ఇద్దరిలో ఒక్కరూ నాకు చెప్పలేదు. నేను కాపురానికి వచ్చేసరికే వాళ్ళ మధ్య మాటల్లేవు. మామ వారానికోసారి జొన్నలో, కందులో తెచ్చి మా అరుగు మీద దించేవారు. కొడుకు రెండు బారల దూరంలో కూర్చుని ఉన్నా నా వైపే తిరిగి, "అమ్మా, ఎర్రెద్దుకు కాలు వాచిండాదని వానికి చెప్పు" అనేవారు. ఈయన పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "మందు పంపిస్తానని నాయనకు చెప్పు" అనేవారు. మొదట్లో నేను అటు తిరిగీ, ఇటు తిరిగీ మాటకు మాట అప్పజెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి ఊరికే తల తిప్పడంతో సరిపెట్టాను. పని దాంతోనే జరిగిపోయేది.

అలా మూడేళ్ళు గడిచాక, ఒక శ్రావణంలో ఇన్‌స్పెక్టరు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన తరగతిలో కూర్చుని పాఠం చూస్తారు, దాన్ని బట్టి ఈయన ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో రాస్తారు. ఆ మాట మామకు చేరగానే, "పని పోతే భూమి యాడికీ పోల్యా, వచ్చి సేద్యం జేసుకోమను" అని నాతో చెప్పించారు. ఈయన మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చెప్పవలసిన పాఠం స్థిర విద్యుత్తు. బడిలో ఒక గాజు కడ్డీ తప్ప ఇంకేమీ లేదు. దాన్ని పట్టుగుడ్డతో రుద్దాలి. ఆ ఊళ్ళో పట్టు ఎవరి దగ్గరుంటుంది? నా ధర్మవరం పెళ్ళిచీర లోపలి కొంగు జానెడు కత్తిరించి ఇచ్చాను. ఆయన ఆ ముక్కను చేతిలో పెట్టుకుని, నేనేదో చెయ్యి కోసి ఇచ్చినట్టు చూశారు. ఆ రాత్రే దాంతో కడ్డీ రుద్ది నా చెవి పక్కన పెడితే ముంగురులు లేచి కడ్డీ వైపు వెళ్ళాయి. మా కాపురంలో సరసమంటే అలాగే ఉండేది.

ఇక దారానికి వేలాడదీయడానికి తేలికైన చిన్న బంతులు రెండు కావాలి. సీసా బిరడాలు చెక్కి చూశారు, బరువైపోయాయి. నేను మామతో అన్నాను. వారం దాకా ఆగకుండా మర్నాడే ఎండు జొన్నదంట్లు చంకలో పెట్టుకొచ్చారు. అరుగు మీద కూర్చుని పైపొట్టు వలిచి, లోపలి తెల్లటి బెండును చాకుమొనతో తిప్పుతూ తిప్పుతూ శనగగింజంత బంతులు రెండు చేశారు. మోటుచేతుల్లో అంత పనితనం ఉందని నేనెరగను. "బెండు కావల్లంటే నన్నడగల్ల గానీ, బిరడాలు చెక్కుతాడంట" అని నాతో గొణిగి వెళ్ళిపోయారు.

ఆ బంతులు అద్భుతంగా పనిచేశాయి. కడ్డీ తాకించగానే రెండూ ఒకే జాతి ఆవేశం పుచ్చుకుని ఒకదానికొకటి దూరంగా జరిగి, చాలాసేపు అలాగే నిలబడేవి. ఆ ఏడు గాలిలో చుక్క తడి లేదు. తడి ఉంటే ఆవేశం జారిపోతుందట. మబ్బు పట్టిన ఒకటి రెండు ఉదయాలు మాత్రం కడ్డీనీ గుడ్డనూ నా కుంపటి మీద కాచుకోవలసి వచ్చింది. మామ చేలో వేరుశనగ ఊడలు నేలలోకి దిగే అదనులో వాన లేక వాడిపోతోంది. ఒక సాయంత్రం మా ఆయన కడ్డీ పక్కన పెట్టి, "ఇన్‌స్పెక్టరు వచ్చిపోయేదాకా ఇట్లే ఎండగా ఉండాలని నాకు అనిపిస్తాంది. నాయన పైరు అట్లుంటే నాకిట్ల అనిపిస్తాంది చూడు" అన్నారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు మామ మొదటి బస్సుకే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మధ్యాహ్నం గంట కొట్టారు, ఇన్‌స్పెక్టరు తరగతిలోకి వెళ్ళడం మా అరుగు మీదికి కనిపించింది. అప్పుడు పడమట నుంచి మబ్బు లేచింది. మామ ఆకాశం వంక చూశారు, బడి వంక చూశారు.

"వానొస్తే వాని పని చెడతాదంటివి గదమ్మా?"

"అవును మామా. తడిగాలికి కరెంటు నిలవదంట."

చుక్కలు మొదలయ్యాయి. చూస్తుండగానే ధార కట్టింది. రెండు నెలలుగా ఆయన ఎదురుచూసిన వాన. పైరు బతుకుతుంది. పైగా కొడుకు ఉద్యోగం పోతే ఇంటికొస్తాడు. ఆయన కోరుకున్నవి రెండూ ఒక్క గడియలో చేతికి అందుతున్నాయి. మా మామ లేచి నిలబడి ఆకాశానికి చెయ్యి చాపి, "ఇన్నాళ్ళు యాడ పండుకోనుంటివే? ఒక గంట తాళితే నీదేం పోతాండె?" అని తిట్టారు. మెట్టరైతు వానను ఎందుకొచ్చావని తిట్టడం నా జన్మలో ఆ ఒక్కసారే విన్నాను. నాకు కుంపటి గుర్తొచ్చింది. "కాచుకుంటే పనిచేస్తాది మామా" అన్నాను. వంట నిప్పులు ఇంకా ఆరలేదు, లోపలికెళ్ళి కుంపటి ఎత్తుకొచ్చాను. ఆయన నా చేతిలోంచి కుంపటి లాక్కుని, తలమీంచి కంబళి కప్పుకుని, ఆ వానలో వీధి దాటారు. నేను చేట నెత్తిన పెట్టుకుని వెనకాలే పరిగెత్తి కిటికీ దగ్గర నిలబడ్డాను.

లోపల మా ఆయన కడ్డీ రుద్దుతున్నారు. బంతులు చచ్చినట్టు వేలాడుతున్నాయి. మామ పొగతో సహా వాకిట్లో ప్రత్యక్షమై, కుంపటి బల్ల మీద పెట్టి, నేరుగా కొడుకు మొహంలోకి చూసి, "ఎచ్చజేసుకోప్పా" అన్నారు. నేను కాపురానికొచ్చిన మూడేళ్ళలో అదే మొదటి మాట. ఈయన కడ్డీ కాచారు, గుడ్డ కాచారు, దారాలు కాచారు. సరిగ్గా అప్పుడే రేకుల కప్పు మీద వాన హోరెత్తింది. పిల్లలంతా కిటికీలకు ఎగబడ్డారు. ఇన్‌స్పెక్టరుకు ఎక్కడ చేనుందో ఏమో, ఆయనా లేచి అవతలి కిటికీ పట్టుకున్నారు. కడ్డీ తాకింది. బంతులు రెండూ వేలెడంత ఎడంగా జరిగి, ఒక్క క్షణం నిలిచి, మెల్లగా మళ్ళీ కలిసిపోయాయి.

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి, "ఏమయ్యా, అయిందా? నేను చూడలేదే" అన్నారు.

మామ ముందుకొచ్చారు. "నేను సూసినా సామీ. రెండూ ఎడంగా జరిగె."

"మీరెవరు?"

"వాని నాయన్ని."

తండ్రి సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు. ఇన్‌స్పెక్టరు నవ్వి ఏదో రాసుకున్నారు. ఆ ఏడు ఉద్యోగం ఖాయం కాలేదు, ఇంకో ఏడాది తాత్కాలికమేనని కాగితం వచ్చింది. వేరుశనగ మాత్రం బాగా పండింది. ఆ సాయంత్రం తండ్రీ కొడుకులు తడిబట్టలతో మా అరుగు మీద కూర్చుని, నా వంక తిరగకుండా, ఎద్దు సంగతీ వాన సంగతీ చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. ఆ మర్నాటినుంచి మామ తన ఊళ్ళో దొరికినవాళ్ళనల్లా ఆపి, "మావోడు చెయ్యి తగలకుండా బెండ్లను కదిలిచ్చినాడు" అని చెప్పుకున్నారట.

మామ పోయి నలభై ఏళ్ళు దాటింది, మా ఆయన పోయి ఇరవై. రెండు ఆవేశాల మధ్య దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుందని మా ఆయన పిల్లలకు చెప్పేవారు. కొలిచి చూసినవాళ్ళు చెప్పిన లెక్క, తప్పు కాదు. ఏళ్ళ దూరం విషయంలో మాత్రం ఆ లెక్క నాకు ఒక్కనాడూ కుదరలేదు.