రెండిళ్ళ కరెంటు, ఒక ముహూర్తం

ఆ రోజుల్లో నాకు అరవై రెండేళ్ళు. ఇప్పుడు తలచుకుంటే కుర్రతనమే. నేనూ మా ఆవిడా అమెరికా వెళ్ళినప్పుడు, ఇర్వింగ్‌లో మా అమ్మాయి, అల్లుడు ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో దానికి మారుతున్నారు. కరెంటు ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలో మనమే ఎంచుకోవాలని అల్లుడు చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అదే స్తంభం, అదే తీగ, మధ్యలో ఇంతమంది అమ్మేవాళ్ళేమిటి? (రేడియో రిపేరు పుస్తకాలు ముందేసుకుని సొంతంగా కరెంటు నేర్చుకున్నవాణ్ణి, నాకా చెప్పేది!) "మావయ్యగారూ, పాతింట్లో ఆపడానికీ, కొత్తింట్లో ఇవ్వడానికీ శనివారానికే చెప్పేశాను, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. సామాన్ల ట్రక్కు శనివారమే, సరే. పాలు పొంగించే ముహూర్తం గురువారం పొద్దున కదా! కొత్తింట్లో ఉన్నది కరెంటు పొయ్యి. పాలు దేనిమీద పొంగుతాయో ఒక్కరూ ఆలోచించలేదు.

అల్లుడు ఆఫీస్‌కి వెళ్ళాక, అతని పేరు చెప్పుకుని నేనే కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి గుర్తింపు కోసం పుట్టినతేదీ అడిగింది. జాతకం చూసి పిల్లనిచ్చినవాణ్ణి, తడుముకోకుండా చెప్పాను. (నక్షత్రం, పాదం కూడా చెప్పబోయాను గానీ ఆవిడకి తీరిక లేదు.) గురువారానికి మార్చింది. "పాత ఇంటికి కూడా ఆ రోజే ఆపెయ్యమంటారా?" అంది. కొత్తింట్లో పాలు పొంగాక పాతింట్లో పొయ్యి వెలిగించకపోవడం మా ఇంటి పద్ధతి. "ఆపెయ్యండి" అన్నాను, దర్జాగా.

గురువారం పాలు దివ్యంగా పొంగాయి. అల్లుడు అటునుంచటే ఆఫీస్‌కి వెళ్ళాడు. నేనూ, మా ఆవిడా, అమ్మాయీ పాతింటికొచ్చి, తెల్లారకముందే వండిపెట్టిన అన్నాలు తిన్నామో లేదో ఏసీ ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే మీటర్ మనిషి వ్యాన్ ఎక్కి వెళ్ళిపోతున్నాడు. అమ్మాయి కెవ్వుమంది. మూడేళ్ళు ఎదురుచూస్తే వర్క్ పర్మిట్ వచ్చింది, మొదటి ఇంటర్వ్యూ ఆరోజే. రెండు గంటలకి ఇంటి ఫోన్‌కి చేస్తామన్నారు. ఆ ఫోనేమో కార్డ్‌లెస్, కరెంటు లేకపోతే ఆటబొమ్మ. ఇంటికంతటికీ ఉన్న ఒక్క సెల్‌ఫోనూ అల్లుడి జేబులో ఉంది.

"నాన్నా, నువ్వేమైనా చేశావా?"

"పాలు పొంగాలి కదమ్మా..."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! పిల్ల ఉద్యోగం మీదికి తెచ్చారు" అంది మా ఆవిడ. (ముహూర్తం పెట్టించింది తనే.)

గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. అప్పుడు నా రేడియో బుర్ర పనిచేసింది. టెలిఫోన్ తీగలో దాని కరెంటు దానికుంటుంది, పాతకాలపు తీగ ఫోనైతే చాలు. లుంగీతోనే పక్కింటి తెల్లావిడ తలుపు కొట్టాను. నా ఇంగ్లీషు ఎంత అర్థమైందో తెలీదు గానీ, నా అభినయం చూసి నవ్వాపుకుంటూ వంటింటి ఫోన్ ఊడదీసి ఇచ్చింది. మా గోడకున్న ఫోన్ ప్లగ్గుకి తగిలించాను. డయల్ టోన్ పలికింది. సరిగ్గా రెండింటికి మోగింది.

తలుపు వేసుకుని అమ్మాయి నలభై నిమిషాలు మాట్లాడింది. బయట నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెమటలు కక్కుతూ కూర్చున్నాం. బయటికొచ్చేసరికి పిల్ల జడంతా తడిసిపోయింది. "మీ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు నాన్నా" అంది. (ఫ్రిజ్ కూడా గుర్రుమనని ఇల్లు మరి.) "రెండో రౌండ్‌కి రమ్మన్నారు. నువ్వు మాత్రం ఇంకెవరికీ ఫోన్ చెయ్యకు."

ఆ ఉద్యోగం వచ్చింది. నాకు ఫోన్ చెయ్యొద్దని ఇప్పుడెవరూ చెప్పక్కర్లేదు. ఒకటి నొక్కు, రెండు నొక్కు అనే మరగొంతు వినపడగానే ఫోన్ మనవరాలి చేతిలో పెట్టేస్తాను. ఎవర్నీ అడక్కుండా రెండిళ్ళ కరెంటు తిప్పేసిన ఆ అరవై రెండేళ్ళ మొండి మనిషి మీద నాకు కోపం రావాలి నిజానికి. రాదు. కాస్త అసూయగా ఉంటుంది, అంతే.