పిల్లల్లేని లైను

ఉద్యోగంలో చేరిన రోజు కుమారి ఒకే ఒక్క అబద్ధం చెప్పింది. పిల్లలున్నారా అని అడిగారు. లేరంది. అప్పటికి పింకీకి ఏడాదిన్నర. తల్లి ఆ మాట చెబుతున్న వేళకి అనకాపల్లిలోని అద్దెగదిలో తండ్రి వేలు పట్టుకుని గడప దాటడం నేర్చుకుంటోంది.

అలా చెప్పమని నేర్పింది బస్టాపులో నిలబడే ఆడవాళ్ళే. ఉన్నారంటే తీసుకోరని ముందే హెచ్చరించారు. చంటిపిల్ల తల్లి జ్వరమనీ టీకా అనీ సెలవులు పెడుతుందని కంపెనీల భయమట. తండ్రయిన మగాణ్ణి మాత్రం ఈ ప్రశ్న ఎవరూ అడగరు. కుమారి భర్త త్రినాధరావుని ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారీ అడగలేదు.

కుమారిది రావికమతం దగ్గర చెరుకు పండించే ఇల్లు. ఇంటర్ చదివింది. పెళ్ళయ్యాక ఉద్యోగం ఆలోచనే లేదు. భర్త త్రినాధరావు అచ్యుతాపురం వైపు ఒక రసాయనాల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు హెల్పరు. జనవరిలో ఒక ఉదయం అతను కంపెనీ బస్సు దిగి, గేటు దగ్గర కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. కాంట్రాక్టరు మారాడనీ, కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడనీ వాచ్‌మన్ చెప్పాడు. ఆరేళ్ళు పనిచేసిన మనిషిని పొమ్మనడానికి ఒక బల్బు సరిపోయింది.

నెల తిరక్కుండా కుమారి ఒక మందుల కంపెనీ ప్యాకింగులో చేరింది. ఇంట్లో త్రినాధరావు మిగిలాడు. నైట్ డ్యూటీలు చేసొచ్చి పగలంతా ముసుగుతన్ని పడుకునే మనిషిగానే పింకీకి తండ్రి తెలుసు. మొదటి వారం అతని చేతి ముద్ద నోట్లో పెట్టుకోనే లేదు. చివరికి స్టేషను దగ్గరికి ఎత్తుకెళ్ళి, గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడుతూ తినిపించడం కనిపెట్టాడు. బండి రాకపోతే అన్నం లేదు. వీధిలో మగాళ్ళు ఊరుకుంటారా? జడలెయ్యడం కూడా వచ్చీసిందా బావా అని అడిగేవారు. వచ్చీసింది, నీకూ వెయ్యాలా అనేవాడు.

కుమారి ఫోన్ తెర మీద బిడ్డ ఫోటో తీసేసి బంతిపువ్వు పెట్టుకుంది. భోజనాల దగ్గర పిల్లల కబుర్లు వస్తే లేచి చేతులు కడుక్కునేది. అయినా ఆ పని ఆమెకి నచ్చింది. రెండో నెలకే, నిండని అట్టపెట్టెను చేత్తో ఎత్తగానే చెప్పేసేది. సూపర్‌వైజర్ ఆమెను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. పెళ్ళయ్యాక ఆమె పేరుతో పనిబడిన చోటు అదే.

క్యాంటీన్ పక్కన ఒక గది ఉంది. తలుపు మీద ‘శిశు సంరక్షణ గది’ అని బోర్డు, దానికి తాళం. అద్దంలోంచి చూస్తే గోడ మీద కుందేలు బొమ్మ, కుందేలు చెవుల దాకా ఖాళీ అట్టపెట్టెలు. యాభై మంది పనిచేసే ఏ చోటైనా పిల్లల గది ఉండాలని చట్టం చెబుతోంది. బోర్డుతోనే ఆ చట్టం అమలైపోయిందని ఈ కంపెనీ అనుకుంది.

మార్చి చివర్లో ఒక గురువారం త్రినాధరావుకి ఫోన్ వచ్చింది. ఇనప సామాన్ల గోడౌన్‌లో పని, సోమవారం నుంచి రమ్మన్నారు. ఇంట్లో సంబరం అరగంట నిలిచింది. ఇద్దరి బస్సులూ తెల్లారగానే బయల్దేరతాయి. అంగన్‌వాడీ తొమ్మిదికి గానీ తెరవరు. త్రినాధరావు తల్లి అప్పలనర్సమ్మ బెల్లం మార్కెట్లో దిమ్మలు మోస్తుంది, ఇది సీజను. ఎవరు మానాలో ఎవరూ పైకి అనలేదు.

"మరి పింకీని ఎలాగ?" అన్నాడు త్రినాధరావు. నువ్వు మానెయ్ అన్నా అంతే, ఇలా అడిగినా అంతే.

"నీ కాంట్రాక్టరు మళ్ళీ మారితే?" అంది కుమారి.

అడిగింది గానీ, సోమవారం నుంచి తన పని ఉండదని ఆమెకి తెలిసిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం హెచ్ఆర్ కుర్రాడు నితీష్ ప్యాకింగు లైను దగ్గరికి వచ్చాడు. మందులు కొనే విదేశీ కంపెనీ తరఫున మర్నాడు ఆడిట్‌కి వస్తున్నారని, పిల్లల గది కూడా చూస్తారని చెప్పాడు. గది ఉంటే సరిపోదు, అందులో పిల్లలు కనపడాలి. చిన్నపిల్లలున్నవాళ్ళు చేతులెత్తమన్నాడు.

నలభై మంది ఆడవాళ్ళు. ఒక్క చెయ్యీ లేవలేదు. బెల్టు మీద మాత్రల షీట్లు వాటి దారిన అవి పోతున్నాయి.

"ఇంతమందిలో ఒక్కరికీ పిల్లల్లేరా?" అన్నాడు నితీష్.

మూల తుడుస్తున్న దేముడమ్మ చీపురు ఆపింది. "సేరిన్నాడు మీరే కద బాబూ అందర్నీ గొడ్రాళ్ళని సేసేరు. ఇయ్యాల తెల్లారేసరికి కనమంటే ఎలాగ కంటారు?"

మాస్కుల వెనక నవ్వు పాకింది. నితీష్ తనూ నవ్వబోయి ఆగాడు. అతనిదీ ఏడాదికోసారి కాగితం మార్చే ఉద్యోగమే. ఉన్నారని చెప్పినందుకు ఎవరినీ ఏమీ అనరని, తనది పూచీ అని బతిమాలాడు.

కుమారి ఆలోచించింది. ఎలాగూ పోయే పనికి అబద్ధం కాపలా దేనికి? చెయ్యి ఎత్తింది.

"మా పాపుంది సార్. పింకీ. ఏడాది ఎనిమిది నెలలు."

రెండు నెలల్లో ఆ పేరు ఆమె అక్కడ పలకడం అదే మొదలు. కాసేపటికి ఎదుటి వరసలో ఒక చెయ్యి లేచింది, తర్వాత ఇంకొకటి. చివరికి పదకొండు మంది తల్లులు తేలారు.

శనివారం గది వెలిగిపోయింది. అట్టపెట్టెలు మాయమై చాప వచ్చింది. ఒక కొయ్యగుర్రం వచ్చింది, ప్లాస్టిక్ కవరుతో సహా. కవరు చింపొద్దని, దాన్ని మళ్ళీ దుకాణానికి పంపేయాలని చెప్పారు. పింకీ ఎక్కబోయి జారింది, మళ్ళీ ఎక్కబోయి జారింది, ఏడ్చింది. దేముడమ్మకి నీలం చీర కట్టించి ఆయాని చేశారు.

తల్లులని పిలిచి ఒక రిజిస్టర్లో సంతకాలు పెట్టమన్నారు. కొత్త పుస్తకం, అంతా ఒకే పెన్నుతో ఒకే చేతిరాత. ఆ పుస్తకం ప్రకారం, కుమారి పనిలో చేరిన ఫిబ్రవరి మూడు నుంచి పింకీ ఒక్కరోజు కూడా మానకుండా గదికి వచ్చింది. టీకా జ్వరానికి త్రినాధరావు పిల్లని భుజాన వేసుకుని సర్కారు ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజు కూడా పింకీ ఇక్కడే ఆడుకుంది. కుమారి ఆ తేదీ దగ్గర వేలు ఆపింది. తర్వాత సంతకం పెట్టింది.

ఆడిట్ మేడమ్ పింకీ పేరు అడిగి రాసుకుంది. రిజిస్టరు పేజీలు ఫోన్‌లో ఫోటో తీసుకుంది. మూడు నెలల్లో మళ్ళీ వస్తామంది. వాళ్ళ కారు గేటు దాటిన పది నిమిషాలకి గదికి తాళం పడింది.

ఆదివారం కుమారి భర్తతో చెప్పింది, రేపు పింకీని తనతో తీసుకెళ్తానని. గేటు దగ్గరే ఆపేస్తారన్నాడతను.

"ఉన్న పని పోద్దే."

"పిల్లని తీసుకెళ్ళకపోతే ఎలాగూ పోద్ది కద బావా."

త్రినాధరావు లేచి సంచి సర్దాడు. డబ్బాలో ఉగ్గు, రెండు గౌన్లు, అడుగున ఒక పాత తువ్వాలు. "ఇది మొహం మీద కప్పితే గాని నిద్రపోదు. దేముడమ్మకి సెప్పు" అన్నాడు. రెండు నెలల కిందట ఆ సంగతి అతనికి తెలియదు. ఇప్పుడు కుమారికి తెలియదు.

మిగతా పదిమందికీ కుమారి ఫోన్ చేసింది. ముగ్గురు వస్తామన్నారు.

సోమవారం గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. నితీష్ పరిగెత్తుకొచ్చాడు. ఆడిట్ అయిపోయింది కదా కుమారిగారూ అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. చంకలో పిల్ల ఉంది.

"రిజిస్టర్లో మా పాప ఫిబ్రవరి నించి రోజూ వత్తన్నాది సార్. జొరమొచ్చిన్నాడు కూడా మానలేదు. ఇయ్యాల మానిపిత్తే మీ రాత తప్పయిపోద్ది."

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోతే కారణం ఏటని రాత్తారు సార్? రోజూ వచ్చే పిల్ల వచ్చిందని రాత్తారా?"

వెనక ముగ్గురు తల్లులు, వాళ్ళ చంకల్లో ముగ్గురు పిల్లలు. నితీష్ పక్కకెళ్ళి పైవాళ్ళకి ఫోన్ చేశాడు. లోపల నలుగురు తక్కువై ప్యాకింగు బెల్టు ఆగిపోయింది. సూపర్‌వైజర్ రెండుసార్లు గేటు దాకా వచ్చి చూసిపోయాడు. ముప్పావుగంట నిలబడ్డాక స్టోర్సులోంచి తాళంచెవి తెచ్చారు.

దేముడమ్మకి నీలం చీర మళ్ళీ ఇవ్వలేదు. చీపురు మూల పెట్టి మామూలు చీరలోనే పిల్లల్ని అందుకుంది. ఆమెకి రాయడం రాదు. పుస్తకం తెరిచి ఆరోజు తేదీ కింద పింకీ పేరు కుమారే రాసింది.

భోజనాల వేళ వచ్చి చూస్తే పింకీ గుర్రం మీదుంది. ప్లాస్టిక్ కవరు చినిగి చాప పక్కన పడి ఉంది. ఎవరు చింపేరని కుమారి అడిగింది.

"నేనే" అంది దేముడమ్మ. "గుర్రానికి ఊపిరాడొద్దేటి?"

ఆ గది ఎన్నాళ్ళు తెరిచి ఉంటుందో కుమారికి తెలియదు. వచ్చే ఆడిట్ దాకా ఉంటుందని మాత్రం లెక్కేసుకుంది. మిగిలిన ఏడుగురు తల్లులు అద్దంలోంచి లోపలికి చూసి వెళ్ళడం కూడా గమనించింది.

అప్పుడే ఫోన్ మోగింది. కొత్త గోడౌన్‌లో మొదటి రోజు ఎలా ఉందో త్రినాధరావు చెప్పలేదు. ఒకటే అడిగాడు.

"తువ్వాలు కప్పేరా?"