బావిలో నాన్న, పైన ఎర్ర లైటు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఫలానా ఇంట్లో దానంతటదే లైటు వెలుగుతోందని ఎవరైనా చెబితే, ముందు ఆ స్విచ్చి విప్పి చూడాలనిపించే రకాన్ని. ఇది చదివి నన్ను తాయెత్తులు కట్టుకునేవాళ్ళలో కలిపేయకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది పర్చూరు దగ్గర పల్లె. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. మా మిరప చేనుకు నీళ్ళు బావిలోంచి తోడాలి. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని మా వైపు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు. కరెంటు రాగానే మనిషితో పనిలేకుండా మోటారు అదే తిరుగుతుంది. మా పాత స్టార్టరుకు మాత్రం బొత్తిగా బుర్ర లేదు. ఒక ఫేజు లేకపోయినా మోటారును తిప్పబోయి లోపలి వైండింగ్ తీగలు కాల్చేసేది.

నేను మైక్రోకంట్రోలరు చిప్పుతో కొత్త స్టార్టరు పెట్టె చేశాను. మూడు ఫేజులూ సరిగ్గా ఉంటే పచ్చ లైటు వెలిగి, కాసేపాగి మోటారు తిరుగుతుంది. ఒక్క ఫేజు తగ్గినా ఎర్ర లైటు వెలుగుతుంది, మోటారు కదలదు. ప్రోగ్రాము రాసింది నేనే, బోర్డుకు సోల్డరింగ్ చేసిందీ నేనే. పక్క చేను సుబ్బారావు బాబాయి లోపలి చిప్పు చూసి, "ఏమ్మా, ఈ చీమంతది అయిదు హార్స్ పవర్ మోటారును తిప్పుద్దా?" అని నవ్వాడు. తిప్పింది. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

మిరప కాయ మీదున్న రోజుల్లో ఒక పగటిపూట నాన్నకు అన్నం క్యారేజీ తీసుకుని బయలుదేరాను. మా మోటారు బావిలో సగం లోతున దిమ్మె మీద ఉంటుంది. తిరిగే ఇరుసు, అదే షాఫ్టు దగ్గర నీళ్ళు కారుతున్నాయని నాన్న దిగి, కారకుండా దాని చుట్టూ బిగించే పాత తాడు పీకి కొత్త తాడు చుడుతున్నాడు. రెండు చేతులూ షాఫ్టు దగ్గరే. దిగేముందు ఫ్యూజులు పీకాలి. మా ఊళ్ళో ఎవరూ పీకరు. పీకి మళ్ళీ పెట్టడం మరిచిపోతే వచ్చిన కరెంటు వృథా అవుతుందని భయం. "కరెంటు లేదుగా" అనుకుని దిగిపోతారు.

నేనింకా చేను గట్టు మీద ఉండగానే బాబాయి మోటారు మోగింది. మా రెంటికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు, అంటే మా పెట్టెకూ కరెంటు వచ్చేసినట్టే. క్యారేజీ పారేసి పరుగెత్తాను. పెట్టె ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు, రాసిందాన్ని కదా. సగం దారిలోనే ఆ గడువు దాటిపోయింది.

ఆయాసపడుతూ చేరేసరికి బావి ఒడ్డున ఉన్న పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోంది. మోటారు తిరగడం లేదు. మెయిన్ స్విచ్చి లాగాలన్న తెలివి కూడా నాకు లేకపోయింది. బావిలోకి వంగి, "నాన్నా, చెయ్యి తీసి పైకి రా!" అని గొంతు చించుకున్నాను.

నాన్న తాపీగా చేతులు తుడుచుకుని, "ఏందమ్మా, కొంపలంటుకున్నాయా?" అంటూ మెట్లెక్కాడు.

ఆయన పైమెట్టు మీద కాలు పెట్టాడు. ఎర్ర లైటు ఆరి పచ్చది వెలిగింది. కాసేపటికి మోటారు అందుకుంది. సగం చుట్టిన తాడు చెదిరి నీళ్ళు చిమ్మాయి. నాన్న తిరుగుతున్న షాఫ్టును, తర్వాత తన చేతులను చూసుకున్నాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

సాయంత్రానికల్లా పెట్టె విప్పాను. వైర్లన్నీ బిగువుగా ఉన్నాయి. ఒక్కో ఫ్యూజు పీకి చూస్తే ఎర్ర లైటు, పెడితే పచ్చ లైటు, ఎక్కడా తేడా లేదు. బాబాయిని అడిగితే తన మోటారు ఆ మధ్యలో తడబడలేదన్నాడు, అంటే ఫేజులు తగ్గలేదన్నమాట. ప్రోగ్రామంతా మళ్ళీ మళ్ళీ చదివాను. మనిషి ఉన్నాడో లేడో చూసే వాక్యం అందులో ఒక్కటీ లేదు. మా కాలేజీ సారు లూజు కాంటాక్టు అని తేల్చేశారు. అయ్యుండొచ్చు. కానీ నాన్న పైకి వచ్చేదాకా ఆగాలని లూజు కాంటాక్టుకు ఎవరు చెప్పారు?

నాన్నకు ఈ అనుమానాలేవీ లేవు. టీ కొట్టు దగ్గర కనపడినవాడినల్లా ఆపి, "మా అమ్మాయి చేసిన పెట్టెరా, మనిషిని చూసి ఆగుద్ది" అని చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా కాదని చెప్పాల్సిందాన్ని, గర్వంతో మురిసిపోయేదాన్ని. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళకు చాలా పెట్టెలు చేశాను. ఫ్యూజులు పీకకుండా బావిలో దిగొద్దని ప్రతి రైతుకూ తిట్టి మరీ చెప్పాను.

ఆ రోజు మోటారు ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చెయ్యని పరీక్ష ఒక్కటే మిగిలింది. నాన్నను ఆ దిమ్మె మీద కూర్చోబెట్టి, షాఫ్టు మీద చేతులు పెట్టించి, పైన కరెంటు ఇచ్చి చూడాలి. నేను అడిగితే ఆయన నవ్వుతూ దిగుతాడు. అందుకే అడగను.