మంచు తగిలిన కాళ్లు

దయ్యాలు గియ్యాలు అంటే నేను నవ్వేటోన్ని. నూలు కోసం తెల్లారకముందే శ్మశానం పక్కకెళ్లి ఎన్నోసార్లు ఒక్కన్నే నడిచిపోయిన. ఇప్పుడు చెప్పేది దయ్యం ముచ్చట కాదు. ఏం ముచ్చటో నాకే తెల్వదు.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. మాది గద్వాల, చీరెలు నేసే ఇల్లు. నా భార్య నాగమ్మకు తొలికాన్పు చాన కష్టమైంది. ఆడపిల్ల. పుట్టినంక ఏడ్వనే లేదు. నాగమ్మ పిల్ల మొఖం చూడకముందే మావోళ్లు తీస్కపోయి పూడ్చిపెట్టిన్రు. మూడోనాడు ఆమెకు ఒళ్లు కాలే జ్వరమొచ్చింది. బండి కట్టి, గుండ్రటి పుట్టి పడవల కృష్ణ దాటి, వనపర్తి దిక్కు ఒక దవాఖానకు తీస్కపోయిన. అక్కడి డాక్టరమ్మది స్వీడన్ దేశం. తెలుగు మంచిగనే మాట్లాడేది.

మంచానికి ఎదురుంగ గోడకు పెద్ద పటం ఉండె, నూనె రంగులతోని వేసింది. వాళ్ల దేశంల ఒక పట్నం, చలికాలం. ఇండ్ల కప్పుల మీద, తొవ్వల మీద అంతా తెల్లగ మంచు. కిటికీలల్ల దీపాలు. మనుషులు మాత్రం ఒక్కరు లేరు. డాక్టరమ్మ వాళ్ల అన్న వేసిండంట.

నాగమ్మ ఎంతసేపు దాని దిక్కే చూసేది.

"ఆ పటంల సందుల నుంచి పసిపిల్ల ఏడుపొస్తుంది. నీకు వినొస్తలేదా?" అనేది.

జ్వరంల మాట్లాడుతుందనుకున్న.

రెండోనాడు మిట్టమధ్యాహ్నం. బయట ఎండ మండిపోతుంది. నేను నొసటి మీద తడిగుడ్డ వేస్తున్న. ఉన్నట్టుండి ఆమెకు ఊపిరి ఆడుతుందో లేదో తెల్వకుండ అయింది. భయమేసి, భుజాలు పట్టి ఊపుకుంట "నాగీ, నాగీ" అని గట్టిగ పిలిచిన. చానాసేపటికి కండ్లు తెరిచింది. ఒళ్లంత చెమట. కాళ్లు ముట్టుకుంటే నా చెయ్యి జివ్వుమన్నది. కాలివేళ్లు సున్నం లెక్క తెల్లగున్నయి.

డాక్టరమ్మ వచ్చి చూసి, "ఏమయ్యా, ఈమెను మంచుగడ్డల మీద నిలబెట్టినవా?" అని అడిగింది.

మా దిక్కు మంచుగడ్డ ఎవరు చూసిన్రు?

ఉత్త కాళ్లతోని మంచుల నడిచినోళ్లకు వాళ్ల దేశంల గిట్లయితదట. జ్వరం ముదిరినా వేళ్లు చెడుతయి గని, గిట్ల కాదని అన్నది. తెల్లారి బొబ్బలు లేచినయి. కొన్నాళ్లకు ఎడమకాలి రెండు వేళ్లు నల్లబడితే తీసేసింది.

నాగమ్మ బతికింది. ఇంటికొచ్చినంక ఒకనాడు తనే చెప్పింది.

"ఆ సందుల పోయిన. ఒక ముసలవ్వ పిల్లను ఊలు బట్టల చుట్టి ఎత్తుకున్నది. నా చేతికియ్యబోయింది. గప్పుడే నువ్వు పిలిచినవ్."

"పిలవకపోతే నువ్వు చచ్చిపోతుంటివి గదా!"

"తెలుసు" అన్నది. అటు తిరిగి పండుకున్నది.

మళ్లీ ఎన్నడు ఆ మాట ఎత్తలేదు. మాకు ఇంకో పిల్ల కాలేదు. ఆ ఎండల ఆమె కాళ్లు ఎట్ల గడ్డకట్టినయో నాకు తెల్వదు, డాక్టరమ్మ గూడ చెప్పలేకపోయింది. నేను పిలిచి మంచి చేసిన్నో, అన్యాయం చేసిన్నో గూడ తెల్వదు. ఆమెను అడిగే ధైర్యం రాలేదు.