ఎవరిదో కంటిపొర

“ఎవరిది?” అని అడిగిన.

కుడి కన్ను మీద కట్టు ఉన్నది. ఎడమ కన్ను దాని బాధకు తోడుగా నీళ్లు కారుస్తున్నది. ఎదురుగా కూర్చున్న డాక్టరమ్మ ముఖం నాకు సగమే ఆనుతున్నది. నల్లగుడ్డు మీది పుండు లోతుకు పోయి రంధ్రం పడిందని, ఇయ్యాలే పూడ్చకపోతే కన్ను దక్కదని, పూడ్చడానికి వాళ్ల ఫ్రీజర్‌లో దాచిన ఒక పొర ఉన్నదని ఆమె అప్పుడే చెప్పి ముగించింది. ఇంకెవరైనా అయితే వెంటనే కానియ్యండి అందురు. నేను ఎవరిదని అడిగిన.

“అది చెప్పరాదు సార్. మాకు కూడా నంబరే తెలుస్తది.”

పక్కన నిలబడ్డ నా బిడ్డ “బాపూ” అని భుజం నొక్కింది. ఇక ఊరుకొమ్మని దాని అర్థం.

గోడవార బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్లలో జన్వాడ ఆటో డ్రైవర్ ఒకడు నన్ను గుర్తుపట్టిండు. అతని కంటికీ కట్టే. “ఏంది పటేలా, ఇంటిపేరు అడుగుతున్నరు, పెండ్లి సంబంధమా?” అన్నడు. బెంచీ అంతా నవ్వింది. నేను నవ్వలేదు.

మొయినాబాద్ దాటి సురంగల్ పోయే దారిలో మాకు మిగిలిన కొద్దిపాటి చేనులో ఆ ఏడు మక్కజొన్న వేసిన. ఒకప్పుడు ఆ దారికి రెండు దిక్కులా మా భూమే. ఇప్పుడు రెండు దిక్కులా ఫాంహౌజుల ఇనుప గేట్లు. వాటి ముందు నుంచి పోయేటప్పుడు నేను తల పక్కకు తిప్పను. ఒకనాడు చేనులో వంగి నడుస్తుంటే మక్క ఆకు అంచు కంటికి కొట్టింది. నీళ్లతో కడుక్కొని ఊరుకున్న. ఆకు తగిలిందని దవాఖానకు పరుగెత్తేటోళ్లం కాదు మేము. కన్ను ఎర్రబడి, తెల్లటి మచ్చ లేచినంక చేవెళ్లలో చూపించుకుంటే, అక్కడి డాక్టరు తొంగి చూసి వెంటనే పట్నం పొమ్మన్నడు. ఆకు మీది బూజు కంట్లో నాటుకొని పెరుగుతున్నదట.

ఇక గంట గంటకూ చుక్కల మందు. నా బిడ్డ మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. బడికి సెలవు పెట్టి ఆమే వేసింది. మందు వేసేటప్పుడల్లా రెప్ప ఎత్తి ఆ మచ్చను చూడక తప్పేది కాదు. పెరిగిందా అని నేను అడగలేదు.

ఆ పొర ఎక్కడిదో డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అద్దాలు వద్దనుకునే పడుచు పిల్లలకు లేజర్‌తో నల్లగుడ్డు లోపల పలుచని బిళ్ల ఒకటి చెక్కి, సన్నని కోత గుండా బయటికి లాగుతరు. గుడ్డు వంపు మారి చూపు సరి అయితది. ఆ బిళ్లను ఇదివరకు పారేసేవాళ్లు. ఇప్పుడు ఒప్పుకున్నవాళ్ల రక్తం పరీక్ష చేసి, బిళ్లను గడ్డకట్టించి దాస్తున్నరు. చిల్లు పడ్డ బిందెకు మాటు వేసినట్టు, నాలాంటి వాళ్ల కంటికి మాటు వేయడానికి పనికొస్తదట.

“పారేసేది నా కంట్లో పెడతరా?” అన్న.

“మీకు సరుకు నచ్చకుంటే నాకు ఇప్పియ్యుండ్రి పటేలా,” అన్నడు ఆటో డ్రైవర్. “నా కంట్లో గోలీ పెట్టినా సరే, అవతలి బండి కనబడితే చాలు.”

ఒప్పుకున్న. ఒప్పించింది భయమే.

మాటు నిలిచింది. కట్టు విప్పినంక మొదట వెలుతురు, ఆ తర్వాత కిటికీ, అటుపైన నా బిడ్డ ముఖం మసకగా కనిపించినయ్. సంతోషపడవలసిన చోట నాకు అప్పు పడ్డట్టు అనిపించింది. మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. ఎవరింటి నుంచి గిన్నె వచ్చినా ఖాళీగా వాపస్ పోవద్దు. చాలా ఇండ్లల్లో అది మర్యాద. మాకు మాత్రం, అన్నీ పోయినంక మిగిలింది అదొక్కటే. పక్కింటివాళ్లు ఒకసారి గిన్నెడు పప్పు పంపితే, తిరిగి పెట్టడానికి ఇంట్లో ఏమీ లేక, మా అవ్వ చెట్టు మీది ముదరని నిమ్మకాయలు తెంపి గిన్నె నింపి పంపింది. నేను ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి. ఇప్పుడు నా కంట్లో ఎవరిదో ఉన్నది. వాళ్ల గడప ఎక్కడో తెలియదు.

తర్వాత ఒకసారి చూపించుకోను పోయినప్పుడు, బిడ్డ మందుల కోసం కిందికి దిగింది. అప్పుడు డాక్టరమ్మతో అన్న: “మా బిడ్డ కూడా మీ దగ్గరే అద్దాలు తీయించుకుంటానంటున్నది. పిల్లలతో వాలీబాల్ ఆడంగ రెండుసార్లు ముఖం మీదనే పగిలినయ్. ఆమె కండ్ల నుంచి తీసే బిళ్లలు మీ ఫ్రీజర్‌కు ఇస్తున్న. నా మాట.”

“మంచిది సార్,” అని ఆమె నవ్వింది.

మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైంది. బిడ్డకు చెప్పాలని తోచనే లేదు. మా తాత మాట ఇచ్చినప్పుడు ఎవరినీ అడగలేదు. మా నాయన చుట్టాల కోసం హామీగా నిలబడ్డప్పుడూ అడగలేదు. అట్ల పోయిన భూమిని మేము పోయిన భూమి అనం, ఇచ్చిన భూమి అంటం.

బిడ్డ ఆపరేషన్‌కు ముందు, దవాఖానలో వివరాలు చెప్పే అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టింది. తీసిన బిళ్లలు ఇంకొకరికి ఇయ్యొచ్చు, మన కోసమే దాచిపెట్టించుకోవచ్చు, ఏదీ వద్దంటే పారేస్తరు. బిడ్డ నోరు తెరవకముందే నేను “ఇస్తం” అన్న.

“నా కోసం దాచండి,” అన్నది బిడ్డ.

“మేడంకు మాట ఇచ్చిన.”

“ఏం మాట?”

చెప్పిన. ఆమె గొంతు పెంచలేదు. “నా కన్ను సర్వే నంబరా బాపూ, నువ్వు నోటితోని రాసిచ్చెటందుకు?”

ఆ అమ్మాయి కంప్యూటర్ దిక్కు చూస్తూ, “జర బయట మాట్లాడుకొని రండి అంకుల్,” అన్నది.

వరండాలో నిలబడ్డం. “నా నల్లగుడ్డు జర పలుచనట,” అన్నది బిడ్డ. “ఆపరేషన్ చెయ్యొచ్చు. ముందుముందు ఏమన్న తేడా వస్తే, దాచినది మళ్ల పెట్టే వీలు ఉండొచ్చు అన్నరు. ఉండొచ్చు, అంతే. అయినా నాకు కావాలె. నీ కన్ను గంట గంటకు చూసిన నేను. నువ్వు చూడలే.”

“ఎవరో ఇయ్యబట్టే కదా ఆ కన్ను నిలిచింది?”

“అవును. వాళ్లెవరో గాని దండం పెడత. కానీ వాళ్లు తమది ఇచ్చిండ్రు బాపూ. తమ బిడ్డది ఇయ్యలే.”

“మన ఇంట్ల ఇయ్యనోళ్లు ఎవ్వరూ లేరు.”

“దాచుకున్నోళ్లు కూడా లేరు. అందుకే గిట్ల ఉన్నం.”

ఆమె లోపలికి పోయి సంతకం పెట్టింది. నేను వరండాలోనే ఉన్న. చుట్టూ జనం నడుస్తున్నరు. ఒకరిద్దరు పక్కకు జరగమన్నరు కూడా.

మాట తప్పితే, ఇచ్చిన చోటికే పోయి ఎదురుగా నిలబడి చెప్పాలె. డాక్టరమ్మ గది ముందు కూర్చొని, నా వంతు వచ్చినంక లోపలికి పోయిన. “నేను ఇచ్చిన మాట నిలవడం లేదు,” అన్న.

“ఏ మాట సార్?”

ఆమెకు గుర్తు లేదు. గుర్తు చేసిన.

“అయ్యో, దానికి ఇంత ఫికర్ ఎందుకు? చాలామంది అంటరు. మేం పట్టుకోం. అయినా ఆమెది ఆమె ఇస్తేనే చెల్లుతది కదా.”

తిట్టినా అంత బాధ అనిపించకపోవును. మాట మీద చెరువు కింది పొలాలు చేతులు మారిన ఇల్లు మాది. ఇక్కడ నా మాటను పట్టుకున్నవాళ్లే లేరు. కింద పడ్డదని కూడా ఎవరూ చూడలేదు.

“అయితే నావి తీసుకోండి,” అన్న. “నేను పోయినంక. మాటు వేసినది పనికిరాకుంటే రెండోదైనా.”

ఆమె ఈసారి నవ్వలేదు. “రాసుకుంటం సార్, సంతోషం. కానీ ఆ టైంకు ఇంట్లవాళ్లే మాకు ఫోన్ చెయ్యాలె, వాళ్లే ఒప్పుకోవాలె. వాళ్లు వద్దంటే మేం ముట్టం. మీ అమ్మాయితో మాట్లాడుండ్రి.”

ఆపరేషన్ బాగనే జరిగింది. కిరాయి కారులో వస్తున్నం. బిడ్డ నల్లద్దాలు పెట్టుకొని సీటుకు తల వాల్చింది. అద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నయ్, తుడుచుకుంటున్నది. మొయినాబాద్ దగ్గరపడుతుంటే, చెప్పేసిన: “నేను పోయినంక నా కండ్లు ఇద్దామని ఉన్నది. నువ్వు ఒప్పుకోవాలెనట.”

“చెప్తున్నవా, అడుగుతున్నవా?”

డ్రైవర్ అద్దంలో నా దిక్కు చూసిండు. నేను రోడ్డు దిక్కు చూసిన.

“అడుగుతున్న.”

ఆమె నల్లద్దాలు జర ఎత్తి కండ్లు ఒత్తుకున్నది. “ఇప్పుడు కండ్లు మండుతున్నయ్ బాపూ. ఆలోచించి చెప్త,” అన్నది.

ఇంకా చెప్పలేదు. కండ్లు మానినయ్. అద్దాలు లేకుండనే బడికి పోతున్నది, వస్తున్నది, నాకు అన్నం పెడుతున్నది. ఆ మాట మాత్రం ఎత్తదు. రెండోసారి ఎట్ల అడుగుతరో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.